నవంబరులో కట్ గేట్ మీద సైకిలా? ముందు నేల సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఏడాది క్రితం మాంచెస్టర్ వచ్చారు. హైదరాబాదులో ఉండగా గండిపేట చుట్టూ, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దారుల్లో మౌంటెన్ బైక్ తొక్కిన అలవాటుంది. ఇక్కడ ఒక హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్ కొన్నారు. నవంబరు రెండో వారాంతంలో ముగ్గురు మిత్రులతో, మాంచెస్టర్, షెఫీల్డ్‌ల మధ్య ఉన్న కొండల సీమ పీక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లి, లాంగ్‌సెట్ జలాశయం దగ్గర బయలుదేరి, కట్ గేట్ అనే పాత కొండబాట మీదుగా డెర్వెంట్ లోయలోకి దిగి, డెర్వెంట్ ఎడ్జ్ శిఖరాల మీదుగా తిరిగి రావాలని ఒక యాప్‌లో దారి గీసుకున్నారు. చేయవచ్చా అని అడిగారు.

వద్దు. వెళ్లే దారి ఆ నెలలో పనికిరాదు, తిరిగి వచ్చే దారి ఏ నెలలోనూ సైకిలుకు పనికిరాదు. మీ కాళ్ల సత్తా మీద నాకేమీ అనుమానం లేదు. అనంతగిరి ఎక్కినవారికి ఇక్కడి ఎత్తులు భయపెట్టేవి కావు. పీక్ డిస్ట్రిక్ట్ మొత్తంలో ఎత్తైన కిండర్ స్కౌట్ 636 మీటర్లే. ఇబ్బంది ఎత్తుతో కాదు, నేలతో.

నేను షెఫీల్డ్‌లో 14 ఏళ్లుగా ఉంటున్నాను. ఆదివారాలు చాలావరకు ఈ కొండల మీదే గడిచాయి. వచ్చిన కొత్తలో నేనూ మీలాగే నవంబరులోనే కట్ గేట్ ఎక్కాను. పైన మిట్ట చదునుగా ఉంది, గాలి వెనకనుంచి తోస్తోంది, ఆహా అనుకుంటూ ఒక చిన్న నీటిగుంటలోకి సైకిల్ పోనిచ్చాను. ముందు చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. నేను హ్యాండిల్ మీదుగా ఎగిరి అవతల పడ్డాను. మెత్తగానే పడ్డాను, దెబ్బ తగల్లేదు. లేచి కాలు లాగితే కాలొచ్చింది గాని బూటు రాలేదు. మోచేతి దాకా చేయి పెట్టి వెతికాను. బూటు దొరికింది, దాని నిండా నీళ్లు దొరికాయి, వేళ్లలో స్పర్శ మాత్రం సాయంత్రం దాకా దొరకలేదు.

ఆ నల్లటి పదార్థాన్ని పీట్ అంటారు. చూడటానికి మన నల్లరేగడిలా ఉంటుంది గాని గుణం వేరు. తడిసిన రేగడి టైరుకు పట్టుకుని చక్రాన్ని తిరగనివ్వదు. పీట్ పట్టుకోదు, మింగుతుంది. అసలది మట్టే కాదు. నీళ్లు ఇంకిపోని చల్లటి మిట్టల మీద చచ్చిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొర పేరుకుంటే తయారయ్యేది. బరువులో ఎక్కువ భాగం నీళ్లే. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, మీటరు లోతు పీట్ అంటే దాదాపు వెయ్యేళ్ల కూడిక. మీ వెనక చక్రం ఒక్కసారి జారుతూ గీసిన గాడి మానడానికి ఎన్నాళ్లు పడుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ గాడి వెంట వాననీరు పారుతుంది, గాడి కాలువవుతుంది, రెండేళ్లలో పక్కన ఇంకో దారి పుడుతుంది.

ఇలాంటి చెట్టులేని తడి మిట్టలనే ఇక్కడ మూర్ అంటారు. హీథర్ తుప్పలు, పత్తిగడ్డి, అడుగున స్పాగ్నమ్ అనే నాచు. ఆగస్టులో హీథర్ పూసినప్పుడు కొండంతా ఊదారంగు దుప్పటి కప్పుకుంటుంది. నవంబరుకు అదే కొండ తడిసిన కంబళి. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల పొగ రెండు శతాబ్దాల పాటు ఈ నాచును చంపి పీట్‌ను బట్టబయలు చేసింది. 2003 నుంచి మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే భాగస్వామ్య సంస్థ కాలువలకు అడ్డుకట్టలు వేసి, నాచు నాటి, మిట్టను మళ్లీ తడిగా మార్చే పని చేస్తోంది. అర్థమైంది కదా, ఇక్కడ కొండ ఆరిపోకూడదనే అందరి కోరిక. పైన పీట్ చెదిరితే కింద జలాశయాల్లో నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, ఆ రంగు విరగ్గొట్టే ఖర్చు నీటి సంస్థ మీద పడుతుంది. మిట్ట, జలాశయం అని మనం విడివిడిగా చూసేవి నిజానికి ఒకే యంత్రానికి పై భాగం, కింది భాగం.

కట్ గేట్‌కు న్యాయం చేయాలి కాబట్టి ఇది కూడా చెబుతాను. పూర్వం డెర్వెంట్ లోయ రైతులు పెనిస్టన్ సంతకు నడిచిన బాట అది. నన్ను మింగిన చోటులాంటి పెద్ద ఊబి ఒకటి దాని మీద ఉండేది. కొండదారులు బాగుచేయడానికి 2018లో బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ అనే కొండలెక్కేవాళ్ల సంఘం నడిపిన విరాళాల సేకరణలో ఆ చోటును కూడా చేర్చారు. నడిచేవాళ్లు, సైకిలువాళ్లు, గుర్రాలవాళ్లు మామూలుగా ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు రాసుకునే మనుషులు. ఆ ఒక్క పనికి మాత్రం కలిసి డబ్బులిచ్చారు. ఇప్పుడు ఆ భాగం చాలా మెరుగు. కానీ 500 మీటర్లు దాటిన ఆ మిట్ట మీద మిగతా దూరమంతా గాలికి, తడికి వదిలేసిందే. వారం రోజుల పొడి వాతావరణం తర్వాతో, నాలుగైదు రోజులు నేల గడ్డకట్టే చలి పడ్డాకో వెళ్లండి, అద్భుతంగా ఉంటుంది. నవంబరు రెండో వారంలో ఆ రెండూ దొరకడం అరుదు.

ఇక మీ తిరుగు దారి. యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన ఆ దారి మీది కాదు. ఇంగ్లండ్‌లో సైకిలు ఎక్కడ తొక్కవచ్చో చట్టం చెబుతుంది. మనకు ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్క గట్టు. వీళ్లకు ఫుట్‌పాత్ అంటే పొలాల మీదుగా, కొండల మీదుగా పోయే నడక దారి, అక్కడ సైకిలు తొక్కే హక్కు లేదు. తొక్కితే జైల్లో పెట్టరు, అది నేరం కిందికి రాదు, కానీ భూమి యజమాని మిమ్మల్ని పొమ్మనవచ్చు. మనకు కావలసింది బ్రైడిల్‌వే, అంటే గుర్రపు దారి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం వాటి మీద సైకిలుకు అనుమతి ఇచ్చింది, ఒక షరతుతో: నడిచేవాళ్లకు, గుర్రాలకు మనమే దారి ఇవ్వాలి. 2000లో వచ్చిన చట్టం మూర్‌ల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది గదా అని కొందరు వాదిస్తారు. ఆ హక్కు కాళ్లకే, చక్రాలకు కాదు. స్కాట్లండ్‌లో సంగతి వేరు, అక్కడ 2003 చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే దాదాపు ఎక్కడైనా తొక్కవచ్చు. అక్కడ తొక్కి వచ్చిన మిత్రులు ఇచ్చే సలహాలు ఇక్కడ చెల్లవు.

కాబట్టి ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 1 పటం, డార్క్ పీక్ ప్రాంతానిది, కొనండి. 1:25,000 కొలతలో ఉంటుంది. అందులో పచ్చని పొట్టి గీతలు నడక దారి, పచ్చని పొడవాటి గీతలు బ్రైడిల్‌వే. దారిలో స్తంభాల మీద బాణాలు చూడండి: పసుపు అయితే నడక, నీలం అయితే మనది. డెర్వెంట్ ఎడ్జ్ వెంట పోయే దారి పొట్టి గీతలది. పైగా వారాంతాల్లో నడిచేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. ఆ జనం మధ్యలో నలుగురు సైకిళ్లతో దూరితే వినబడే మాటలు మీకు నచ్చవు.

మరి ఏం చేయాలి? మీరు మాంచెస్టర్ నుంచి వస్తున్నారు కాబట్టి కారు మాట మరిచిపోండి. పికడిల్లీ నుంచి హోప్ లోయ మీదుగా షెఫీల్డ్ పోయే, అన్ని స్టేషన్లలో ఆగే రైలెక్కి బామ్‌ఫర్డ్‌లో దిగండి. ఒక చిక్కుంది: ఆ రైళ్లలో రెండు సైకిళ్లకే చోటు, అదీ ముందు వచ్చినవారికి. నలుగురూ ఒకే రైలుకు రాకండి, ఇద్దరిద్దరుగా రండి.

బామ్‌ఫర్డ్ దగ్గర థార్న్‌హిల్ ట్రైల్ అనే చదును బాట పట్టుకుంటే లేడీబవర్ ఆనకట్ట దగ్గరికి చేరతారు. అది ఒకప్పటి రైలు పట్టాల జాగా. పైనున్న హౌడెన్, డెర్వెంట్ ఆనకట్టలకు గ్రిండిల్‌ఫర్డ్ వైపు క్వారీ నుంచి రాయి మోయడానికి వేసిన రైలు. హౌడెన్ 1912లో, డెర్వెంట్ 1916లో పూర్తయ్యాయి. మూసీ వరదల తర్వాత కట్టిన మన గండిపేట 1920లో పూర్తయింది కాబట్టి ఇవన్నీ ఒక తరం వాళ్లే. లేడీబవర్ చిన్నది, వయసులో. 1935లో మొదలుపెట్టి 1943లో ముగించారు. పై రెండూ రాతి కట్టడాలైతే ఇది మట్టి కట్ట. కట్ట దగ్గర రెండు పెద్ద గుండ్రటి బావుల్లాంటివి కనిపిస్తాయి. జలాశయం నిండితే నీళ్లు గట్టు మీదుగా కాకుండా ఆ గుంటల్లోకి సుడి తిరుగుతూ దిగిపోతాయి. మంచి వాన పడిన శీతాకాలంలో అది చూడటానికే జనం వస్తారు. మీరు వచ్చేసరికి నిండి ఉంటే ఒక పావుగంట అక్కడ ఆగండి, ఏమీ నష్టం లేదు.

అక్కడినుంచి రోడ్డు వెంట ఉత్తరానికి, ఏ57 అనే పెద్ద రోడ్డు కూడలిలో ఎడమకు, వంతెన ఎక్కకముందే కుడివైపు చిన్న సందులోకి తిరగండి. ఇక జలాశయం తూర్పు గట్టు వెంట ప్రశాంతంగా పోతారు. మీ ఎడమపక్క నీళ్ల కింద రెండు ఊళ్లున్నాయి, ఆషప్టన్, డెర్వెంట్. సమాధుల్లోని అస్థికలను తవ్వి బామ్‌ఫర్డ్ చర్చి ఆవరణకు తరలించారు. డెర్వెంట్ చర్చి శిఖరాన్ని మాత్రం అలాగే వదిలేస్తే కొన్నేళ్లు నీళ్లలోంచి తల పైకెత్తుకుని నిలబడింది. 1947లో పేల్చేశారు. ఎండలు ముదిరి నీరు తగ్గిన ఏళ్లలో, 2018లో, 2022లో, ఊరి గోడల పునాదులు బయటపడ్డాయి. 2018లో నేను చూశాను. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే పడవలెక్కి పోయే మన జనం గుర్తొచ్చారు. ఇక్కడ పడవలు లేవు, బురదలోకి దిగి ఇరుక్కుపోయినవాళ్లు మాత్రం ఉన్నారు.

ఆ గట్టు చివర డెర్వెంట్ ఆనకట్ట కింద ఫెయిర్‌హోమ్స్. మరుగుదొడ్లు, తినుబండారాల కిటికీ ఉన్నాయి, తర్వాత ఏమీ ఉండవు కాబట్టి రెండూ వాడుకోండి. 1943లో జర్మనీలోని ఆనకట్టల మీద బాంబులు వేయడానికి ముందు బ్రిటిష్ వైమానిక దళపు 617 స్క్వాడ్రన్ విమానాలు తక్కువ ఎత్తులో ఎగరడం సాధన చేసింది డెర్వెంట్ ఆనకట్ట మీది రెండు గోపురాల మధ్యనే.

మీలో ఎవరికైనా ఇక్కడి నేల పూర్తిగా కొత్తయితే పై రెండు జలాశయాలను చుట్టి రండి. ఫెయిర్‌హోమ్స్ నుంచి ఫెయిర్‌హోమ్స్‌కు సుమారు 16 కిలోమీటర్లు. పడమటి గట్టు తారు రోడ్డు, వారాంతాల్లో కార్లను రానివ్వరు. తూర్పు గట్టు రాళ్లు, కంకర కలిసిన బండ్లబాట. పడమటి గట్టు మీద బర్చిన్‌లీ అనే చోట ఆగండి. ఆనకట్టలు కట్టిన కూలీల కుటుంబాలకు రేకుల ఇళ్లతో ఒక ఊరే కట్టారక్కడ, బడి, ఆసుపత్రి, సారా దుకాణంతో సహా. జనం దాన్ని రేకుల ఊరనే పిలిచారు. పని అయిపోగానే విప్పుకుని పోయారు. ఇప్పుడు చెట్ల మధ్య కొన్ని అరుగులు మిగిలాయి. లోయ కొసన స్లిప్పరీ స్టోన్స్ దగ్గర ఒక పాత రాతి వంతెన వస్తుంది. అది మునిగిపోయిన డెర్వెంట్ ఊరిది. రాళ్లకు అంకెలు వేసి విప్పి, భద్రపరిచి, 1959లో ఇక్కడ మళ్లీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన కథ తెలిసినవారికి ఆ వంతెన మీద కాసేపు కూర్చోబుద్ధవుతుంది. కట్ గేట్ దిగి చేరేది కూడా ఇక్కడికే. తల పైకెత్తి ఆ మబ్బులో మిట్టను చూడండి, నేను ఎందుకు వద్దన్నానో తెలుస్తుంది.

తిరిగి ఫెయిర్‌హోమ్స్ చేరాక మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందా? దాటితే వచ్చిన దారినే బామ్‌ఫర్డ్ వెళ్లిపోండి. దాటకపోతే అసలు తొక్కుడు ఇప్పుడు మొదలు. పడమటి అడవిలోంచి లాకర్‌బ్రూక్ వైపు ఎక్కండి. నిటారుగా పోయే నడక దారి ఒకటి ఉంది, పొరపాటున అది పట్టుకోకుండా పటంలో పొడవు గీతలున్న దాన్నే వెతకండి. గుట్ట దాటి దిగితే ఏ57 మీద పడతారు. స్నేక్ రోడ్డంటే ఇదే. కార్లు వేగంగా వస్తాయి, దిగి నడిపించుకుంటూ దాటండి. కింద హ్యాగ్‌వాటర్ వంతెన మీద ఆషప్ ఏరు దాటి, అడవి గుండా మళ్లీ ఎక్కితే రోమన్ల కాలం నాటి బాట, దాని పక్కన హోప్ క్రాస్. చదరపు రాతి స్తంభం, మీద 1737 అని ఉంటుంది. నాలుగు ముఖాల మీద షెఫీల్డ్, ఈడేల్, హోప్, గ్లాసప్ పేర్లు ఆనాటి వర్ణక్రమంలో చెక్కారు. దగ్గర్లోనే బీస్ట్ అని పేరుపెట్టిన దిగుడు ఒకటుంది, మెట్లలాంటి బండల మీదుగా. పేరు ఊరికే రాలేదు. తడి రోజున కొత్త హార్డ్‌టెయిల్‌తో దాని జోలికి పోకండి. మీరు దక్షిణానికి తిరిగి రోమన్ బాటనే పట్టుకుని హోప్ ఊళ్లోకి జారిపోండి. బామ్‌ఫర్డ్ తర్వాతి స్టేషనే హోప్, మాంచెస్టర్ వైపు. అన్నీ కలిపితే సుమారు 40 కిలోమీటర్లు. పైచుట్టు వదిలేస్తే అందులో సగానికి కాస్త ఎక్కువ.

ఈ దారి ఎందుకు ఎంచానంటే ఇందులో దాదాపు అంతటా కాలి కింద రాయి ఉంటుంది. ఇక్కడి ఇసుకరాయిని గ్రిట్‌స్టోన్ అంటారు, గరుకు కాగితంలా ఉంటుంది, తడిసినా టైరును వదలదు. దక్షిణాన వైట్ పీక్‌లో సున్నపురాయి, అది తడిస్తే సబ్బే. అందుకే వాన రోజున చాలామంది అనుకున్నదానికి భిన్నంగా నేను ఎత్తైన ఉత్తరానికే పోతాను, రాతి బాటలుంటే.

హార్డ్‌టెయిల్ సరిపోతుందా అన్నారు, నిక్షేపంగా సరిపోతుంది. టైరు 2.3 అంగుళాలకు తక్కువ కాకుండా చూసుకోండి. ట్యూబులెస్ అయితే నా బరువుకు, 74 కిలోలకు, ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి పెడతాను. ట్యూబులుంటే ఇంకొంచెం ఎక్కువ, లేకపోతే బండ అంచు తగిలి ట్యూబు పాముకాటులా రెండు చోట్ల చిల్లులు పడుతుంది. డబ్బు పెట్టాలనుకుంటే బ్రేక్ ప్యాడ్ల మీద పెట్టండి. కొత్త సైకిళ్లకు తరచు వచ్చే రెసిన్ ప్యాడ్లను ఇక్కడి ఇసుక బురద ఒక్కరోజులో అరగదీయగలదు. నాకు జరిగింది, చివరి దిగుడు మొత్తం నడిచాను. సింటర్డ్ లోహపు ప్యాడ్లు వేయించుకుని, పాతవాటిని సంచిలో ఉంచుకోండి. గేరు తగిలించే చిన్న కొక్కెం, హ్యాంగర్ అంటారు, మీ మోడలుకు సరిపోయేది ఒకటి అదనంగా తెచ్చుకోండి. అది విరిగితే ఊళ్లో ఏ దుకాణంలోనూ వెంటనే దొరకదు.

బట్టల్లో నూలు వద్దు, జీన్సు అసలే వద్దు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని బనీను, గాలివాన ఆపే కోటు, రెండు జతల చేతి తొడుగులు. పులిహోర తెస్తామని మీ మిత్రుడు అన్నాడని రాశారు. నేనూ తెచ్చాను ఒకసారి. నాలుగు డిగ్రీల చలిలో ఆ మెతుకులు గులకరాళ్లు. చపాతీలో పొడికూర చుట్టుకుని రండి, ఫ్లాస్కులో అల్లం టీ పోసుకోండి.

ఆ వారంలో సూర్యుడు నాలుగూ పదికే అస్తమిస్తాడు. మూడు గంటలకు హోప్ క్రాస్ దాటకపోతే చీకట్లో దిగుతారు, కాబట్టి నలుగురికీ దీపాలుండాలి. డెర్వెంట్ లోయ పైభాగంలో ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే సిగ్నల్ ఉన్నచోటికి చేరి 999కి ఫోను చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్లు జీతాలు లేని స్వచ్ఛంద కార్యకర్తలు, డబ్బు అడగరు. ఫోను లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు.

గేట్లు మీరు వచ్చేసరికి ఎలా ఉంటే అలాగే వదలండి, మూసినది మూసి, తెరిచినది తెరిచి. గుర్రం ఎదురైతే ఆగి నోరు తెరిచి పలకరించండి. గంట కొడితే బెదురుతుంది, మనిషి గొంతు వింటే కుదురుతుంది. నీటిగుంట కింద గట్టి రాయి ఉందని తెలిస్తే పక్కకు తప్పుకోకుండా అందులోంచే పోండి. ప్యాంటు తడుస్తుంది, దారి వెడల్పు కాదు. డిసెంబరు 10 దాకా గ్రౌస్ పక్షుల వేట కాలం కూడా. మూర్ మీద వరసగా నిలబడ్డ మనుషులు కనిపిస్తే ఆగి చేయి ఊపండి, వాళ్లు రమ్మన్నాక కదలండి.

కట్ గేట్ సంగతి వచ్చే ఏడాది సెప్టెంబరులో చూద్దాం. నేల మీద గూడు పెట్టే కర్ల్యూ, గోల్డెన్ ప్లవర్ పక్షుల పిల్లలు అప్పటికి ఎగిరిపోయి ఉంటాయి, వేసవికి పీట్ కాస్త గట్టిపడి ఉంటుంది. బయలుదేరే ముందు రాయండి, ఆ వారం వాన లెక్క నేను చూసి చెబుతాను. వీలైతే లాంగ్‌సెట్ దగ్గర కలుస్తాను. నా రెండో బూటు జత సంచిలోనే ఉంటుంది.